బోరు మీద ఆ అంకె రాయించండి: ఉదయగిరి మెట్ట సర్పంచులకు బహిరంగ లేఖ

ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, వింజమూరు, కలిగిరి మండలాల సర్పంచులకు, ఉప సర్పంచులకు, వార్డు సభ్యులకు, ఈసారి తామే నిలబడదామని పెళ్లినీ చావునీ ఒక్కటి కూడా వదలకుండా తిరుగుతున్న పెద్దలకు,

నమస్కారం.

నేను మన మెట్టలోనే ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఆర్డరు కాపీలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అని ఉంటుంది, ఢిల్లీ కాగితాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అని ఉంటుంది, ఊళ్లో మాత్రం డాక్టరమ్మ అంటారు. నేను చదివింది బీఎస్సీ నర్సింగ్, డాక్టర్ని కాను అని చెబుతూనే ఉంటాను. "అదేలే డాక్టరమ్మా" అంటారు.

ఇవన్నీ మీ పై ఆఫీసర్లకు రాసుకోక మాకెందుకు అని మీకు అనిపించవచ్చు. వాళ్లకు చెప్పుకోవాల్సినవి వేరే ఉన్నాయి. జీతం, ఉద్యోగ భద్రత, రోజుకొకటి పుట్టే యాప్‌లు, నెట్‌వర్క్ అందని ఊళ్లో ఫోనుకు ముఖం చూపించి వేయాల్సిన హాజరు. వాటి సంగతి మా సంఘం చూసుకుంటోంది. ఈ ఉత్తరంలో ఉన్నవి మీ సంతకంతో కదిలే పనులు, అందులో మొదటిది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించి ఆ అంకెను బోరు మీదే రాయించడం. అందుకే మీకు రాస్తున్నాను.

మా పనిలో ఒక సగం మీకు కనపడేదే. బీపీ, షుగర్ చూడటం, మాత్రలు ఇవ్వడం, గర్భిణుల చెకప్‌లు, 104 బండి వచ్చిన రోజు డాక్టరుగారి పక్కన కూర్చుని ఎవరికి ఏ మందు నడుస్తోందో చెప్పడం. రెండో సగాన్ని ఆఫీసు భాషలో ఆరోగ్య ప్రోత్సాహం అంటారు. జబ్బు వచ్చేదాకా ఆగకుండా, అది రాని విధంగా ఊరిని తయారుచేసుకోవడం అన్నమాట. నన్నడిగితే ఇదే పెద్ద పని. దీనికి మా చేతికి వచ్చే సరంజామా మాత్రం ఒక ఫ్లెక్సీ, కొన్ని కరపత్రాలు, మీటింగ్ ఫోటో గ్రూపులో పెట్టమని ఒక మెసేజ్.

మన జనం చెప్పినా వినరమ్మా అని మీలో కొందరు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. బాగా వింటారు. విన్నాక ఒక ప్రశ్న అడుగుతారు. "బోరు నీళ్లు తాగొద్దంటావు సరే, మంచి నీళ్లు యాడుండాయి మేడమ్?" "తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టమంటావు, మళ్లా కుళాయి ఎప్పుడొస్తాదో నువ్వు చెప్తావా?" "ఆయన చేత మందు మాన్పించమంటావు, సీసాలు మా ఎదురింట్లోనే అమ్ముతా ఉండారు గదా?" వీటికి జవాబు నా మందుల బీరువాలో దొరకదు. పంచాయతీ తీర్మానాల పుస్తకంలో ఉండాలి.

ఇది నా సొంత సిద్ధాంతం కూడా కాదు. 1986లో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సమావేశం పెట్టి, ఆరోగ్య ప్రోత్సాహం అంటే ఐదు పనులని రాసుకుంది. ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయాలు చేయడం, చుట్టూ ఉన్న పరిసరాలను బాగుచేయడం, ఊరంతా కలిసి కదలడం, మనుషులకు తెలియజెప్పి నేర్పించడం, వైద్యశాఖ తన పద్ధతి మార్చుకోవడం. ఇందులో తెలియజెప్పడం నా వంతు. ఆఖరిది మా శాఖ వంతు. మిగిలిన మూడూ ఊరు చేసుకోవాల్సినవి, ఊరి తరఫున మీరు చేయాల్సినవి. మన రాజ్యాంగమూ అదే చెబుతోంది. 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవి అని 29 విషయాలు ఉన్నాయి. 11వది తాగునీరు. 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం, అదీ ఆసుపత్రులు, పీహెచ్‌సీలతో సహా. సిమెంటు రోడ్డు శంకుస్థాపనకి ఉన్నంత ఉత్సాహం ఈ రెండు అంశాల మీద నేను ఏ గ్రామసభలోనూ చూడలేదు.

నీళ్ల దగ్గర మొదలుపెడతాను, ఎక్కువసేపు అక్కడే ఉంటాను.

1937లో షార్ట్ అనే వైద్యుడు మరో ఇద్దరితో కలిసి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు, ఉందని ఒక వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికగా దాన్నే చెబుతారు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఉండేవి. 1970లో అవి విడిపోయి ఒంగోలు జిల్లాలో, అంటే ఆ తర్వాత ప్రకాశం అయిన జిల్లాలో కలిశాయి. జిల్లా గీత జరిగినా మనకీ వాళ్లకీ బోరు బాధ మాత్రం ఉమ్మడిగానే మిగిలింది. తర్వాత 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, దేశం మొత్తం మీద మొదట ఎంచుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కాబట్టి ఇక్కడ సమస్య ఉందని పైవాళ్లకు తెలుసు. ఫలానా ఊళ్లో ఫలానా వీధి బోరులో ఎంత ఉందో ఆ వీధిలో బిందె పట్టుకుని నిలబడే మనిషికే తెలియదు.

రాతిలో ఉన్న ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. ఏ పొరలో నీరు తగిలింది, అది ఎంతకాలంగా రాతిని అంటిపెట్టుకుని ఉంది అన్నదాన్ని బట్టి ఎక్కువ తక్కువలు వస్తాయి. ఒకే ఊళ్లో రామాలయం దగ్గర బోరుకీ బడి దగ్గర బోరుకీ తేడా ఉండొచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆపైన ఉంటే తాగడానికి పనికిరావు. చిక్కేమిటంటే దీనికి రంగు, వాసన, రుచి ఏదీ ఉండదు. మన పెద్దవాళ్లు నీళ్లను నాలుకతో తేల్చేస్తారు. ఉప్పగా ఉంటే పశువులకి, తియ్యగా ఉంటే ఇంటికి. ఫ్లోరైడ్‌ని ఆ నాలుక పట్టుకోలేదు.

దీని మొదటి గుర్తు పిలకాయల పళ్ల మీద కనిపిస్తుంది. సుద్దముక్కలాగా తెల్లటి మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ రంగు గీతలు. ఎనిమిదేళ్ల లోపు, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఇది పడిపోతుంది. బయటికొచ్చాక ఏ పేస్టుతో తోమినా పోదు. బడిలో పళ్లు చూపించమంటే పెద్ద తరగతుల ఆడపిల్లలు చేయి అడ్డం పెట్టుకుంటారు. తోముకోవడం లేదని ఇంట్లో తిట్లు తిన్న పిల్లలు కూడా వాళ్లలో ఉంటారు.

పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి అది ఎముకలకు, కీళ్లకు పడుతుంది. అనుమానం వస్తే మేము మూడు పనులు చేయిస్తాం. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకమంటాం. గడ్డం ఛాతీకి ఆనించమంటాం. చేతులు చాపి, మడిచి, తల వెనక్కి పట్టుకోమంటాం. ఇవి చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తేల్చకూడదు, మూత్ర పరీక్ష, ఎక్స్‌రే కావాలి. అనుమానించడానికి మాత్రం ఇవి చాలు. మన దగ్గర యాభై దాటిన మనిషి మెడ తిప్పలేక ఒళ్లంతా తిరిగి చూస్తాడు. "పొలం పని గదమ్మా, పట్టేసింది" అంటాడు, దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకుంటాడు, ఇంటికి పోయి అవే నీళ్లు తాగుతాడు.

ఇక్కడ మా శాఖ మాటలోనూ ఒక మెలిక ఉంది, అది దాచను. కాచి చల్లార్చిన నీళ్లు తాగండి అని ఏళ్లుగా గోడల మీద రాయించాం. విరేచనాలు, టైఫాయిడ్ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఫ్లోరైడ్ విషయంలో పనికిరాదు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరై తగ్గేసరికి మిగిలిన నీళ్లలో దాని పాళ్లు కాస్త పెరుగుతాయి కూడా. ఈ సంగతి ఒక ముసలమ్మకి చెబితే, "మొన్న కాచమంటివి, ఇయాల కాచినా లాభం లేదంటివి, ముందు మీరంతా ఒక మాట మీదికి రండి" అంది. బోరు ఏదో, అందులో ఏముందో తెలిస్తేనే ఆమెకి ఒక్క మాట చెప్పగలను. క్రిములున్న చోట ఒక మాట, ఫ్లోరైడ్ ఉన్న చోట ఇంకో మాట. రిపోర్టు లేకుండా ఆ మాట ఎట్లా చెప్పను?

ఇప్పుడు చాలా ఇళ్లలో తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు, మంచిదే. అన్నం, పప్పు, సంగటి, టీ మాత్రం బోరు నీళ్లతోనే. వండిన నీరంతా ఆ అన్నంలోకే పోతుంది కదా. క్యాను కొంటున్నాం కాబట్టి మాకేం లేదు అనుకునే ఇంట్లో కూడా రోజూ సగం ఫ్లోరైడ్ గిన్నెలోంచి వస్తుండవచ్చు. వంటకీ కొనుక్కోండి అంటే కూలి చేసుకునే ఇంటికి అది నెల ఖర్చులో ఇంకో బరువు. అందుకే ఇది ఇంటింటి సమస్యగా వదిలేస్తే తీరదు, పంచాయతీ సమస్య అంటున్నాను. ఆ క్యాన్లు నింపే ప్లాంటు నీళ్లకు ఆఖరి పరీక్ష ఎప్పుడు జరిగిందో కూడా ఒకసారి అడగండి. అడిగే హక్కు మీకుంది.

తిండి విషయం అడిగేవాళ్లకు చెబుతుంటాను: పాలు, మునగాకు, ఉసిరి, జామ. కాల్షియం, విటమిన్ సి బాగా ఉంటే దెబ్బ కొంత తగ్గుతుంది. చింతపండు తిన్న బడిపిల్లల్లో ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఒక అధ్యయనంలో చూశారు. నెల్లూరోళ్లకి పులుసు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇది విని మా ఏఎన్‌ఎం ఎంత మురిసిపోయిందో! కానీ పులుసు తింటున్నాం కదా అని చెడ్డ నీళ్లు తాగొచ్చని ఎవరూ అనుకోవద్దు. నీళ్లు మారాల్సిందే.

సర్పంచుగారూ, ఇక్కడ మిమ్మల్ని అడిగేది ఇది. మీ ఊళ్లో తాగడానికీ వంటకీ వాడే ప్రతి బోరు నీటినీ గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపించండి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. గాజు సీసాలు వద్దు, లీటరు ప్లాస్టిక్ సీసా చాలు, అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి నింపాలి. ల్యాబు ఆలస్యమైతే ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ వాళ్ల నీటి పరీక్ష కిట్లు ఉన్నాయి. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఆ కిట్‌తో పరీక్ష చేయడం నేర్పాలని ఆ పథకంలోనే ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, ఆ కిట్టు ఎవరింటి అటక మీద ఉందో కనుక్కోండి. రిపోర్టు వచ్చాక దాన్ని ఫైల్లో పెట్టకండి. బోరు దిమ్మె మీద అంకె పెయింటుతో రాయించండి. 0.8 అయితే నీలం రంగులో, 2.6 అయితే ఎర్ర రంగులో, కింద పరీక్ష చేసిన నెల. చదువు రానివాళ్లకు కూడా ఆ రంగు అర్థమవుతుంది.

ఈ మాట ఒక పెద్దమనిషితో అంటే ఆయన, "ఎర్ర రంగు కొడితే మా ఊరి పిల్లల్ని ఎవరు చేసుకుంటారమ్మా?" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, కొట్టిపారేయను. మెట్ట ఊళ్లకి పిల్లనివ్వడానికి వెనకాడే కుటుంబాలు ఉన్నాయని నాకూ తెలుసు. కానీ సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు బోరు దిమ్మెని చూడరు, పిల్ల నవ్వినప్పుడు పళ్లు చూస్తారు. పెయింటు వేయకపోయినంత మాత్రాన దాగే రహస్యం కాదది.

రెండో అడుగు ఇంకా చిన్నది, చవకైనది. ఊరంతటికీ ఒకేసారి మంచి నీళ్లు ఇవ్వలేకపోతే ముందు అంగన్‌వాడీకీ, బడి వంటగదికీ ఇవ్వండి. పన్ను తయారయ్యే వయసు పిల్లలంతా ఆ రెండు చోట్లే ఉంటారు. అంగన్‌వాడీలో పాలు, గుడ్డు ఇస్తున్నాం, బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నాం. ఆ అన్నం ఏ బోరు నీళ్లతో ఉడుకుతోంది? రోజుకు కొన్ని క్యాన్ల నీళ్ల ఖర్చు ఏ పంచాయతీకీ మోయలేని భారం కాదు. శాశ్వతంగా కావాలంటే బడి స్లాబు మీద పడే వాన ఉంది. వాన నీళ్లలో ఫ్లోరైడ్ లేనట్టే లెక్క. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. మొదటి వానతో స్లాబు కడుక్కోనిచ్చి, ఆ తర్వాతి నీటిని వడకట్టి మూసిన ట్యాంకులో పట్టుకోవాలి. ఈ నీటిని మాత్రం కాచి తాగాల్సిందే. మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్య వస్తాయి, బళ్లు అప్పుడు తెరిచే ఉంటాయి.

కృష్ణా నీళ్లను సొరంగాల గుండా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తే అన్నీ తీరతాయిలే అంటారు. రావాలనే నేనూ కోరుకుంటున్నాను, ఉదయగిరి వైపుకీ నీరివ్వాల్సిన ప్రాజెక్టే అది. దానికి 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు పుట్టిన పిల్లలకి ఇప్పుడు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు, వాళ్లకీ పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నాయి. సొరంగం పనుల కోసం పన్ను ఆగదు.

దోమల గురించి పొడిగించను. శుక్రవారం డ్రై డే ఎందుకో మీకు తెలుసు, గుడ్డు నుంచి దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్టి ఆరబెడితే చక్రం తెగుతుంది. మురుగు కాలువలో పుట్టే దోమ వేరు, డెంగ్యూ దోమ వేరు. డెంగ్యూ దోమ మంచినీళ్ల డ్రమ్ములో, సిమెంటు తొట్లో, కూలర్లో, పాత టైర్లో పుడుతుంది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో జనం దొరికిన ప్రతిదాంట్లో నీళ్లు నింపుకుంటారు. ఆ నీళ్లు పారబోయమంటే నా ముఖం చూస్తారు. వేళకి కుళాయి ఇవ్వండి, డ్రమ్ములు వాటంతట అవే తగ్గుతాయి. లేదంటే మూతలైనా పెట్టించండి. ఫాగింగ్ మిషన్ పొగ ఫోటోలో బాగా పడుతుంది, అంతే.

పొగాకు గురించి రాయాలంటే నాకే మొహమాటంగా ఉంది. ఏటా మే 31న పొగాకు వ్యతిరేక దినం చేస్తాం. సరిగ్గా ఆ రోజుల్లోనే కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్లు అమ్ముడవుతుంటాయి. బ్యానర్ పట్టుకున్న ఆశమ్మ ఇంటి వెనకే పొగాకు ఆకు కాల్చే బ్యారన్ ఉంటుంది, ధర ఎంత పలికిందో తెలుసుకోవాలని ఆమెకీ టెన్షనే. పంట మానేయమని చెప్పే స్థితిలో నేను లేను, మీరూ లేరు. చేయగలిగినవి వేరే ఉన్నాయి. పొద్దున్నే మంచుకి తడిసిన ఆకు విరిచే కూలీలకు చర్మంలోంచి నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది. తలతిప్పు, వాంతులు, నీరసం. ఎండదెబ్బ అనుకుని వదిలేస్తారు. రైతు చేతి తొడుగులు ఇవ్వాలి, తడి ఆరాక పని మొదలుపెట్టాలి, పని కాగానే సబ్బుతో కడుక్కోవడానికి నీళ్లు ఉండాలి. కూలీలకు నేను చెబుతాను, రైతుకు మీరు చెప్పండి, మీలో సగంమంది ఆ రైతులే. ఇక బడికి 100 గజాల లోపు పొగాకు సరుకు అమ్మకూడదని, 18 ఏళ్ల లోపు పిల్లలకి అసలు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. బడి గేటు ఎదుట వేలాడే ఆ పొట్లాల దండ మీ ఒక్క మాటతో దిగుతుంది.

మందు సంగతికి వస్తే, మనకి ఎవరూ పాఠం చెప్పాల్సిన పనిలేదు, పాఠం పుట్టిందే మన దగ్గర. దూబగుంట కలిగిరి మండలంలో ఉంది. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, రోశమ్మలాంటి వాళ్లు ముందు నిలబడి, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. 1992కల్లా అది జిల్లా అంతా పాకి సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. అప్పుడు ఆ ఊళ్లో నాలాంటి ఆఫీసరు లేరు, ఫ్లెక్సీ లేదు, యాప్ లేదు. చదువు పేరుతో ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చునే వీలు మాత్రం ఉంది. ఊరు కలిసి కదలడం అని మా ట్రైనింగ్ పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉంటుంది, ఎక్కడెక్కడి దేశాల ఉదాహరణలో ఇస్తారు. కలిగిరి బస్సెక్కితే సరిపోయేది.

ఇప్పుడు లైసెన్సు షాపు ఎక్కడో ఉంటుంది, సీసా మాత్రం మన వీధి అంగట్లోనే దొరుకుతుంది. బెల్టు షాపు ఎవరు నడుపుతున్నారో ఊళ్లో అందరికంటే ముందు మీకు తెలుస్తుంది. ఆ అమ్మకం హక్కుని ఊరే వేలంపాట పెట్టి, వచ్చిన డబ్బు గుడికి ఖర్చుపెట్టే చోట్లు కూడా ఉన్నాయని వింటుంటాం. దేవుడి సంగతి నాకు తెలియదు, నా రిజిస్టర్లో మాత్రం ఆ అంగడికి దగ్గరున్న వీధుల్లో బీపీ మాత్రలు సరిగా వేసుకోని మగవాళ్లు ఎక్కువ. రాత్రి ఆ అంగడి తెరిచి ఉన్నంతకాలం పొద్దున నేనిచ్చే మాత్ర ఎంత పనిచేస్తుంది?

ఎస్టీ కాలనీ గురించి విడిగా అడగాలి. మన జిల్లాలో యానాదుల ఇళ్లు చాలావరకు ఊరికి చివర, పైపులైను ఆగిపోయాక మొదలవుతాయి. అక్కడ టీబీ మందు వాడేవాళ్లు ఉంటే, ఆ మందుతోపాటు తిండి కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా ఉండదు, ఎందుకంటే ఆధార్ ఉండదు, ఎందుకంటే అడ్రసు కాగితం ఉండదు. రొయ్యల గుంటల కాపలాకి ఆరు నెలలు సముద్రం వైపు వెళ్లి వస్తారు, అప్పటికి సర్వేలో పేరు ఎగిరిపోయి ఉంటుంది. వాళ్లు మన ఊరివాళ్లేనని పంచాయతీ కాగితమిస్తే మిగతా తిరుగుడు నేను తిరుగుతాను.

ఇంకో రెండు మాటలు. ఆశమ్మలకి ఇచ్చేది నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం. అది మంత్రిగారి సభకి ఆడవాళ్లను తోలుకురావడానికీ, కుర్చీలు సర్దడానికీ ఇచ్చేది కాదు. రెండోది ఆడ సర్పంచులకు. అమ్మా, మన రాష్ట్రంలో సర్పంచు పదవుల్లో సగం మీకే రిజర్వు అయి ఉన్నాయి. మా ఆరోగ్య మీటింగులకి మాత్రం మీ ఇంటాయన వచ్చి కూర్చుంటున్నారు. ఆయన మంచివారే కావచ్చు, నీళ్ల బిందె మోసేది, కాన్పు అయ్యేది ఆయనకి కాదు. దయచేసి మీరు రండి. మాట్లాడకపోయినా పర్వాలేదు, ముందు వచ్చి కూర్చోండి.

డబ్బు ఏదమ్మా అంటారు. ప్రతి ఊరికీ గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంది. దానికి పంచాయతీ వైపు మనిషే అధ్యక్షత వహించాలి. ఆ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయలు, ఇందుకే ఖర్చు పెట్టాలి అని కట్టెయ్యకుండా ఇచ్చే నిధి ఉంది. బోర్ల మీద రంగు వేయించడానికీ, డ్రమ్ములకు మూతలు కొనడానికీ, అంగన్‌వాడీ నీళ్లకీ అది మొదలుపెట్టడానికి చాలు. పెద్ద పనులకు, 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన గ్రాంట్లలోనే 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మీ ఊళ్లో ఆ 60 శాతం ఎటు పోయిందో కార్యదర్శిగారిని అడిగితే చెబుతారు. కమిటీ రిజిస్టరు నేను చూసిన ఊళ్లలో సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టినట్టు ఉంటాయి. పేర్లు చెప్పను. ఎవరి ఊరో వాళ్లకి తెలుసు.

ఈ నెలాఖరులోగా ఆ కమిటీని ఒక్కసారి నిజంగా కూర్చోబెట్టండి. రెండే రెండు విషయాలు పెట్టుకుందాం: బోర్ల పరీక్ష, బడికీ అంగన్‌వాడీకీ వంట నీళ్లు. మిగతావి తర్వాత చూసుకోవచ్చు. చెక్‌బుక్ ఎవరి దగ్గరుందో ముందే వెతికించి పెట్టండి, దానికే ఒక నెల పట్టిన ఊరు ఉంది. శాంపిల్ సీసాలు, ఏ వీధిలో ఎన్ని బోర్లున్నాయో రాసిన కాగితం మేము తెస్తాం. బుధ, శనివారాలు టీకాలుంటాయి, ఆ రెండు రోజులు తప్ప మీరు ఏ రోజు చెప్పినా, పొలం పనులు అయ్యాక సాయంత్రం పెట్టినా వస్తాను.

ఇట్లు,
ఉదయగిరి మెట్టలో పనిచేస్తున్న ఒక సామాజిక ఆరోగ్య అధికారి